వరి చేలో ఊద: గోధుమ పొలాలు ముందే పడ్డ తంటా

గోదావరి డెల్టాలో గోధుమ పండదు. అయినా కలుపు మందుల విషయంలో మన వరి రైతు వినాల్సిన కథ హర్యానా, పంజాబ్ గోధుమ పొలాల్లోనే ఉంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కలుపుని అణిచింది ప్రధానంగా కాలవ నీళ్లే. దమ్ము చేసి, ఎదిగిన నారు ఊడ్చి, నీళ్లు నిలగడితే ఊద అనే కలుపు గడ్డి సరిగా మొలవదు. మొలిచినదాన్ని ఆడకూలీలు ఏరేసేవారు. లేత ఊద అచ్చం వరిలాగే ఉంటుంది. ఆకు మొదట్లో వరికి సన్నటి పొర ఉంటుంది, ఊదకి ఉండదు. అంత చిన్న తేడా పట్టుకుని చేలు శుభ్రం చేశారంటే ఆ పనికి మనం కట్టిన కూలి తక్కువేనేమో!

1940ల్లో వచ్చిన 2,4-డి అనే కలుపు మందు వెడల్పాకు కలుపుని చంపి గడ్డి జాతిని వదిలేస్తుంది. చిక్కంతా అక్కడే. వరి, గోధుమ, ఊద అన్నీ గడ్డి జాతే. తర్వాత వరికి బ్యూటాక్లోర్, గోధుమకి ఐసోప్రోట్యూరాన్ లాంటి, పంటని వదిలి గడ్డి కలుపుని చంపే మందులు దొరికాయి. బ్యూటాక్లోర్‌ని ఊడ్చిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు ఇసుకలో కలిపి, పలచగా నీళ్లున్న చేలో చల్లుతారు.

ఉత్తరాది గోధుమలో పెద్ద శత్రువు గుల్లీ డండా అనే గడ్డి కలుపు. దాని మీద రైతులు ఏళ్ల తరబడి ఐసోప్రోట్యూరాన్ ఒక్కటే కొట్టారు. 1990ల మొదట్లో హర్యానాలో అది చావడం మానేసింది. కొందరు గోధుమని పచ్చిగానే కోసి పశువులకి వేశారు. గోధుమ ఈ మందుని తనలోనే విరగ్గొట్టుకుని బతుకుతుంది. ఆ గుణం కలుపులోనూ బలపడిందని పరిశోధనలో తేలింది. 1990ల చివర్లో క్లోడినాఫాప్, సల్ఫోసల్ఫ్యూరాన్ వచ్చి పంటని ఆదుకున్నాయి. తర్వాత కొన్నిచోట్ల గుల్లీ డండా వాటికీ లొంగలేదు.

ఇక్కడ డెల్టాలో పరిస్థితి మార్చింది కూలి ఖర్చు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించడానికి ఉన్న కారణాల్లో అదొకటి. నారు ఊడ్చకుండా విత్తనాన్ని నేరుగా చేలోనే వేసే డ్రమ్ సీడర్, వెదజల్లే సాగు వైపు చాలామంది మళ్లారు. ఊడ్పు ఖర్చు మిగిలింది గానీ వరీ ఊదా కలిసే మొలుస్తున్నాయి. మొదటి రోజుల్లో నీళ్లు నిలగట్టే వీలు లేదు. దాంతో భారమంతా మందు మీద పడింది, ముఖ్యంగా 15-20 రోజులకి కొట్టే బిస్‌పైరిబాక్ సోడియం మీద.

ఇది సల్ఫోసల్ఫ్యూరాన్ వర్గానిదే. మొక్కలో రెండూ ఒకే ఎంజైమ్‌ని ఆపుతాయి. వరిలో వాడే మరో మందు పెనాక్సులామ్ కూడా అంతే. కొట్లో డబ్బా మార్చి మందు మార్చామనుకుంటే ఊద విషయంలో ఏమీ మారనట్టే. సైహలోఫాప్ బ్యూటైల్ వేరే వర్గం, క్లోడినాఫాప్ కోవది. సార్వాకి ఒకటి, దాళ్వాకి మరొకటి వాడుకోవచ్చు. మందుకి తప్పించుకున్న దుబ్బుల్ని గింజ రాలకముందే పీకించడానికి మాత్రం ఇప్పటికీ కూలీలే కావాలి.