చూపు మార్చే పుస్తకం సూచించడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాఠకులకు పుస్తకాలు సూచించడం గ్రంథపాలకురాలిగా నా వృత్తిలో ప్రధానమైన భాగం. “లోకాన్ని కొత్తగా చూపించే పుస్తకం ఒకటి చెప్పండి” అని అడిగేవారు తరచూ వస్తుంటారు. ఆ కోరిక చుట్టూ పాఠకుల్లోనూ, మా వృత్తిలోకి కొత్తగా వచ్చినవారిలోనూ పాతుకుపోయిన కొన్ని నమ్మకాల వల్ల మంచి పుస్తకాలు సగంలోనే బీరువాకు తిరిగివస్తున్నాయి.

అపోహ: గొప్ప పుస్తకమైతే ఎవరినైనా మారుస్తుంది.

వాస్తవం: 1904లో గాంధీజీ జోహాన్నెస్‌బర్గ్ నుంచి రైలెక్కుతుండగా, సాగనంపడానికి స్టేషనుకు వచ్చిన హెన్రీ పోలక్ దారిలో చదువుకొమ్మని ఆంగ్ల రచయిత జాన్ రస్కిన్ రచన ‘అన్‌టు దిస్ లాస్ట్’ చేతికిచ్చారు. మొదలుపెట్టాక దాన్ని పక్కన పెట్టలేకపోయాననీ, ఆ రాత్రి తనకు నిద్ర పట్టలేదనీ గాంధీజీ ఆత్మకథలో రాసుకున్నారు. అందులోని ఆదర్శాలను ఆచరణలో పెట్టేందుకు ఆ ఏడాదే డర్బన్ దగ్గర ఫీనిక్స్ ఆశ్రమం వెలిసింది. ఈ ఉదంతాన్ని పుస్తకం మహిమగా చెప్పుకోవడం పరిపాటే కానీ, తనలో లోతుగా నాటుకొని ఉన్న విశ్వాసాలే కొన్ని అందులో ప్రతిఫలించాయని ఆయనే స్పష్టంగా చెప్పారన్న సంగతిని మనం అంతగా పట్టించుకోము. నేల అప్పటికే దున్ని ఉంది. పైగా విత్తనం తెచ్చి ఇచ్చినవాడు ఆయనతో భావాలు కలిసిన స్నేహితుడు. భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రచురించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల్లో ‘ప్రతి పాఠకుడికీ తన పుస్తకం’, ‘ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు’ అన్న రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండింటిలోనూ బరువంతా ‘తన’ అన్న మాట మీదే ఉందని నా అభిప్రాయం. అందుకే, ‘తప్పక చదవవలసిన వంద పుస్తకాలు’ వంటి జాబితాను పాఠకుడి చేతిలో పెట్టి పంపించడాన్ని నేను సూచనగా పరిగణించను.

అపోహ: పాఠకుడు ఏది అడిగితే అదే అతనికి కావలసింది.

వాస్తవం: మొదట అడిగే ప్రశ్న చాలాసార్లు తలుపు తట్టడం మాత్రమే. ఒకావిడ వచ్చి, ధైర్యం చెప్పే తాత్విక గ్రంథం ఏదైనా కావాలన్నారు. అప్పట్లో నాకు అనుభవం తక్కువ. మరో మాట అడగకుండా, మృత్యువు గురించి ఎంతో పేరున్న పుస్తకం ఒకటి తీసి ఇచ్చాను. వారం తిరక్కుండానే ఆమె దాన్ని వెనక్కి తెచ్చారు. గుర్తు కోసం పెట్టుకున్న కాగితం ముక్క పదకొండో పుట దగ్గరే ఉంది. ఈసారి కూర్చోమని చెప్పి, ఎక్కడ ఆగిపోయారని అడిగాను. “ఇందులో అంతా పోయినవారి గురించే ఉందండీ. మా నాన్న ఉన్నారు. నన్నే గుర్తుపట్టడం లేదు” అన్నారు. ఆమెకు కావలసింది ఓదార్పు కాదని, మెదడులో జ్ఞాపకం ఎలా నిలుస్తుందో, ఎలా చెదిరిపోతుందో సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పే చిన్న వైద్య పుస్తకమని అప్పుడు గ్రహించాను. దాన్ని చదివి తిరిగివచ్చిన రోజున ఆమె అన్న మాట నేటికీ నా చెవిలో ఉంది: “ఆయన కావాలని నన్ను పరాయిదాన్ని చేయడం లేదన్నమాట.” తండ్రిని ఆమె చూసే తీరు మారింది. మార్చినది మహాగ్రంథమేమీ కాదు. మూడో అధ్యాయంలోని నాలుగైదు పుటలు.

అపోహ: చూపు మారాలంటే పుస్తకం పాఠకుడి నమ్మకాలను ఢీకొట్టాలి.

వాస్తవం: బోనులో నిలబెట్టినట్లు మాట్లాడే పుస్తకం ముందు మనిషి తన వాదనకు పదును పెట్టుకుంటాడే తప్ప దాన్ని వదులుకోడు. తెలిసిన లోకంలోకే ప్రవేశించి, అక్కడ కనబడని ఒక మూలను చూపే పుస్తకాన్నే నేను ముందు ఇస్తాను.

అపోహ: రచయిత ఉద్దేశించిన మార్పే పాఠకుడిలో వస్తుంది.

వాస్తవం: షికాగో మాంసపు కర్మాగారాల్లో శ్రామికుల దుర్భర జీవితాన్ని కళ్ళకు కట్టాలని అమెరికా రచయిత అప్టన్ సింక్లెయిర్ ‘ది జంగిల్’ నవల రాశారు. 1906లో అది పుస్తకంగా వెలువడినప్పుడు జనాన్ని కలవరపెట్టింది కార్మికుల కష్టం కంటే, తాము తినే మాంసం శుభ్రత. అదే ఏడాది జూన్ 30న అమెరికాలో మాంస తనిఖీ చట్టం, ఆహార ఔషధ కల్తీ నిరోధక చట్టం రెండూ ఆమోదం పొందాయి. ప్రజల గుండెకు గురిపెడితే అనుకోకుండా కడుపుకు తగిలిందని సింక్లెయిర్ వాపోయారు. రచయితకే పట్టు లేని ఫలితం మీద, మధ్యలో ఉండి పుస్తకం అందించే మాకు పట్టు ఎక్కడుంటుంది? అందుకే “ఇది చదివితే మీకు ఫలానా విషయం అర్థమవుతుంది” అని ముందే చెప్పడం నేను పూర్తిగా మానేశాను. ఆ ఒక్క వాక్యం చాలు, పాఠకుడు పుస్తకాన్ని వదిలి నేను చెప్పినదాన్ని వెతుక్కోవడానికి.

అపోహ: చివరిదాకా చదవకపోతే ఆ సూచన వృథా.

వాస్తవం: ఎక్కడ ఆగారో తెలిస్తే తరువాత ఏమివ్వాలో తెలుస్తుంది. పుస్తకం తిరిగివచ్చినప్పుడు “బాగుందా?” అని నేను అడగను, మర్యాద కోసం అందరూ బాగుందనే అంటారు కాబట్టి. “ఎక్కడ ఆగారు? ఏ వాక్యం దగ్గర మళ్ళీ వెనక్కి వెళ్ళారు?” అని అడిగి, వచ్చిన జవాబును పాఠకుడి పేరు లేకుండా నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకుంటాను. ఆ తరువాతి పుస్తకం కోసం బీరువా దగ్గరకు వెళ్ళేముందు మొదట తెరిచేది ఆ నోటుపుస్తకాన్నే.