కన్సోల్ కేబుల్ పెట్టినంత మాత్రాన లోకల్ పాస్‌వర్డ్ పనిచేయదు: లాగిన్ అపోహలు - వాస్తవాలు

పోయిన వారం అర్ధరాత్రి మా జూనియర్ ఒక నెట్‌వర్క్ స్విచ్‌కి కన్సోల్ కేబుల్ (నేరుగా డివైస్‌కే తగిలించే కేబుల్) పెట్టి ఫోన్ చేశాడు. "అన్నా, కన్సోల్‌లో లోకల్ ఐడీ తీసుకోవట్లేదు, ఎవరో పాస్‌వర్డ్ మార్చేశారు, స్విచ్ ఆపేసి రికవరీ చేసేయనా?" లోకల్ ఐడీ అంటే స్విచ్‌లోనే రాసి ఉంచిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. గొంతు వణుకుతోంది పాపం. పవర్ జోలికి పోకు, ముందు టాకాక్స్ సర్వర్ (అన్ని డివైస్‌ల లాగిన్‌లనీ ఒకేచోట సరిచూసే సర్వర్) నడుస్తోందేమో చూడు అన్నాను. చక్కగా నడుస్తోంది. అసలు విషయం అదే.

అపోహ: లాగిన్ లిస్టులో (ఐడీని ఏ వరసలో ఎక్కడ సరిచూడాలో చెప్పేది) టాకాక్స్ తర్వాత లోకల్ అని ఉంది కదా, సర్వర్ ఒప్పుకోకపోతే లోకల్ ఐడీతో వెళ్లొచ్చు.

వాస్తవం: వెళ్లలేరు. సిస్కో ఐఓఎస్‌లో (సిస్కో డివైస్‌లని నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ "వద్దు" అన్నా అది జవాబే, డివైస్ అక్కడితో ఆగిపోతుంది. సర్వర్ నుంచి ఉలుకూ పలుకూ లేకుండా టైమౌట్ అయితేనే లోకల్ దాకా వస్తుంది. వేరే లిస్టు పెట్టకపోతే డిఫాల్ట్ లిస్టే కన్సోల్‌కీ వర్తిస్తుంది కాబట్టి కేబుల్ పెట్టి లోకల్ ఐడీ కొడితే అది కూడా సర్వర్ దగ్గరికే పోతుంది, అక్కడ ఆ పేరే ఉండదు, తిప్పికొడుతుంది, మనమేమో పాస్‌వర్డ్ పోయిందనుకుంటాం.

నేను కొత్తలో ఇలాగే కంగారుపడి ఒక కోర్ స్విచ్‌ని ఆపేశాను. కాన్ఫిగ్ రిజిస్టర్ (స్విచ్ ఎలా పైకి రావాలో చెప్పే సెట్టింగ్) 2142కి, అంటే సేవ్ చేసిన కాన్ఫిగ్ చదవకుండా వచ్చేలా మార్చి, పైకి తెచ్చి, మళ్లీ మామూలు 2102 పెట్టేదాకా ఆఫీసు మొత్తం నెట్‌వర్క్ లేదు, ఫోన్లు కూడా లేవు. తీరా చూస్తే పాస్‌వర్డ్ మొదట్నుంచీ కరెక్టే. ఆ రోజు ఇంకా కళ్లముందే ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కన్సోల్‌కి లోకల్ మాత్రమే ఉండే లిస్టు ఒకటి వేరే పేరుతో రాసి, లైన్ కాన్ 0 (కన్సోల్ పోర్టు సెట్టింగులు) కింద పెట్టేయండి. సర్వర్ ఉన్నా పోయినా ఒకటే దారి. ఎనేబుల్ సీక్రెట్ (పూర్తి అధికారం తెచ్చే ఎనేబుల్ కమాండ్‌కి పాస్‌వర్డ్) కూడా పెట్టుకోండి, కన్సోల్‌లో ప్రివిలేజ్ 15, అంటే ఆ పూర్తి అధికారం దానంతటదే రాదు, ఎనేబుల్ కొట్టాలి. ఆ ఎనేబుల్ కూడా సర్వర్‌నే అడిగేలా ఉందేమో చూసుకోండి, అలా ఉంటే లోపలికొచ్చి కూడా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

మిగతావి గబగబా చెప్పేస్తా. "ఏఏఏ న్యూ-మోడల్ ఊరికే కొడితే ఏం కాదు" అనేది తప్పు. ఈ లాగిన్ లిస్టుల పద్ధతిని ఆన్ చేసే కమాండ్ అది, ఎంటర్ కొట్టగానే వీటీవై లైన్లన్నీ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారులు) లోకల్ లాగిన్‌కి మారిపోతాయి, యూజర్‌నేమ్ లేకపోతే కొత్త ఎస్ఎస్‌హెచ్ సెషన్ రాదు. ముందు యూజర్‌ని పెట్టండి, ఉన్న సెషన్ మూయకుండా ఇంకో విండోలో లాగిన్ అయి చూడండి, ఆ తర్వాతే సేవ్. దూరంగా ఉన్న డివైస్ అయితే ముందే "రీలోడ్ ఇన్ 10" కొట్టి ఉంచండి (పది నిమిషాల్లో రీస్టార్ట్ అయి, సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌తో పైకొస్తుంది), అంతా బాగుంటే క్యాన్సిల్ చేయండి.

కాన్ఫిగ్‌లో పాస్‌వర్డ్‌ని దాచే టైప్ 7 పద్ధతి నిజమైన ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా క్షణంలో వెనక్కి తిప్పేస్తారు, దాన్ని నమ్మి కాన్ఫిగ్ స్క్రీన్‌షాట్లు గ్రూపుల్లో పెట్టకండి బాబూ. టైప్ 8 లేదా 9 సీక్రెట్ వాడండి.

మా జూనియర్ సంగతా, సర్వర్‌లో ఉన్న తన సొంత ఐడీ కొట్టమన్నా, లాగిన్ అయిపోయాడు. స్విచ్‌కి ఏమీ కాలేదు.