క్వాంటం కొలత: ప్లస్ త్రీ పిల్లల్లో కనిపించే అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ప్లస్ త్రీ (డిగ్రీ) ఫిజిక్సు చదివే మన తెలుగు పిల్లలకు సూత్రాలు బాగానే వస్తాయి. చిక్కంతా క్వాంటం కొలత గురించి, అంటే అతి సూక్ష్మ కణాలను కొలవడం గురించి, వీడియోల్లో విన్న మాటలతోనే. వాటిలో మొదటిదే అన్నిటికంటే మొండిది.

అపోహ: మనిషి చూస్తే కణం, చూడకపోతే తరంగం.

వాస్తవం: కణానికి రెండు దారులు తెరిచి ఉంటే, రెండు తరంగాలు కలిసినప్పటిలా వెలుగు, చీకటి చారలు (వ్యతికరణ చారలు) పడతాయి. కణం ఏ దారిన వెళ్లిందో తెలిపే గుర్తు ఎక్కడైనా మిగిలితే చాలు, ఆ చారలు పోతాయి. ఆ గుర్తును ఎవరూ చదవనక్కర్లేదు. 2004లో వియన్నాలో సి70 అణువులను (ఒక్కోదానిలో 70 కార్బన్ పరమాణువులు) లేజర్‌తో వేడెక్కించి, ఇలాంటి చారలు చూపే వ్యతికరణమాపకంలోకి పంపారు. వేడికి అణువులే ఫోటాన్లను (కాంతి రేణువులను) వెదజల్లాయి. వేడి పెరిగేకొద్దీ చారలు మసకబారాయి. ఆ ఫోటాన్లను పట్టి చూసినవాళ్లెవరూ లేరు.

ఇలాంటిదే బల్లమీద చూపొచ్చు. 1 మిల్లీవాట్ ఎర్ర లేజర్ పాయింటర్ (650 నానోమీటర్లు), 0.1 మి.మీ. రాగి పోగు, ధ్రువణ ఫిల్ము (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పొర) తీసుకోండి. పోగును నిలువుగా కాంతి మధ్యలో పెట్టండి; దాని రెండు వైపులే రెండు దారులు. 2 మీటర్ల దూరంలోని గోడమీద దాదాపు 13 మి.మీ.కు ఒకటి చొప్పున చారలు పడతాయి. ఇప్పుడు పోగుకు ఎడమన అడ్డు ధ్రువణం, కుడిన నిలువు ధ్రువణం ఉండేలా రెండు ఫిల్ము ముక్కలు అంచులు కలిపి అంటించండి. ఏ వైపునుంచి వచ్చిందో కాంతి ధ్రువణమే గుర్తు పెడుతుంది కాబట్టి చారలు మాయమవుతాయి, గదిలో ఎవరూ లేకపోయినా సరే. గోడకు ముందు 45 డిగ్రీల్లో మూడో ముక్క పెడితే ఆ గుర్తు చెరిగి, చారలు తిరిగొస్తాయి. దాన్ని 90 డిగ్రీలు తిప్పితే వెలుగున్నచోట చీకటి, చీకటిచోట వెలుగు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. డయోడ్ లేజర్ కాంతికి ముందే ధ్రువణం ఉంటుంది. అది ఒక ముక్క దిశలోనే ఉంటే రెండో వైపు నల్లబడిపోతుంది, చారలు రావు. రెండు వైపులా సమానంగా వెలిగేదాకా పాయింటర్‌ను తిప్పండి. 3డి సినిమా కళ్లజోడు వాడొద్దు, చాలావాటిలో ఉండేది వృత్తాకార ధ్రువణం. లేజర్ కంట్లో పడనీయకండి.

ఇంకో మాట పిల్లలకు తప్పక చెప్పాలి: ఇంత కాంతిలో కోట్ల ఫోటాన్లుంటాయి, మామూలు తరంగ సిద్ధాంతం కూడా దీన్ని వివరిస్తుంది. ఒక్కో ఫోటానునే పంపినా చుక్క చుక్కగా ఇవే చారలు పేరుకోవడం ప్రయోగశాలలో చూడాల్సిన సంగతి.

అపోహ: పెట్టెలోని పిల్లి ఒకేసారి చచ్చీ బతికీ ఉంటుందని భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ నమ్మాడు.

వాస్తవం: 1935లో ఆయన ఆ ఉదాహరణ చెప్పింది అలాంటి వర్ణన అసంబద్ధమని చూపడానికి. మూసిన పెట్టెలో పిల్లితోపాటు రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. గంటలో అందులోని ఒక్క పరమాణువు విఘటనం చెందొచ్చు, చెందకపోవచ్చు. చెందితే గైగర్ కౌంటర్ (రేడియోధార్మికతను పసిగట్టే పరికరం) సుత్తిని వదులుతుంది, విషం సీసా పగులుతుంది. పెట్టె తెరవకముందే కౌంటర్‌లోని వాయువు, సుత్తి, పిల్లి ఊపిరి ఆ సమాచారాన్ని చుట్టూ చెల్లాచెదురు చేసేస్తాయి. దీనినే డీకోహెరెన్స్ అంటారు. వ్యతికరణం ఎందుకు కనిపించదో అది చెబుతుంది. రెండు ఫలితాల్లో ఈ ఒక్కటే ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పదు. అసలు వివాదం మిగిలింది అక్కడే, దాన్ని తీరిపోయినట్టు చెప్పకండి.

అపోహ: కొలిచేటప్పుడు తగిలే దెబ్బే అనిశ్చితి.

వాస్తవం: భౌతిక శాస్త్రవేత్త హైజన్‌బర్గ్ 1927లో చెప్పిన సూక్ష్మదర్శిని ఊహ (కణాన్ని చూడటానికి వేసే కాంతే దాన్ని నెడుతుందన్నది) నుంచి ఇది వచ్చింది. స్థానం, ద్రవ్యవేగం విలువలు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే విస్తృతుల లబ్ధం హెచ్-బార్‌లో (ప్లాంక్ స్థిరాంకాన్ని 2πతో భాగించిన విలువలో) సగానికి తగ్గదన్నది కణం ఉన్న స్థితి లక్షణమే. ఒకే విధంగా తయారుచేసిన కణాల్లో సగం వాటికి స్థానం, మిగతా సగానికి ద్రవ్యవేగం కొలిచినా అదే హద్దు.

అపోహ: చిక్కుముడి కణాలతో (ఎంటాంగిల్డ్ జంటలు, ఎంత దూరంలో ఉన్నా ఫలితాలు ముడిపడి ఉండేవి) కాంతికంటే వేగంగా కబురు పంపొచ్చు.

వాస్తవం: పంపలేం. ఒక్క చివర చూస్తే వచ్చేవి యాదృచ్ఛిక ఫలితాలే, అవతలివాళ్లు ఏం కొలిచినా వాటి నిష్పత్తి మారదు. రెండు చివరల ఫలితాల పట్టీలూ ఫోనులోనో టపాలోనో ఒకచోట చేరాకే, బెల్ అసమానత (ఫలితాలు ముందే నిర్ణయమై, దూరం నుంచి ప్రభావం లేకపోతే సంబంధం ఎంతవరకు ఉండొచ్చో చెప్పే నియమం) హద్దు 2ను దాటే సంబంధం (గరిష్ఠంగా సుమారు 2.83) కనిపిస్తుంది.