ఇంజన్ ఆయిల్ తాగుతోందా? పొగ ఎప్పుడు వస్తోందో చూడండి

పాత కారు సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తే చాలు, "రింగులు పోయాయి, ఇంజన్ విప్పాలి" అనేస్తారు. నిజమే కావచ్చు. కానీ అంత ఖర్చుకు సిద్ధపడే ముందు ఆ పొగ ఏ వేళలో వస్తోందో గమనించాలి. పొగ రంగు ఆయిల్ కాలుతోందని మాత్రమే చెబుతుంది. ఎక్కడి నుంచి దిగుతోందో తెలిసేది వేళను బట్టే.

అసలు పొగే కనబడకుండా కూడా ఆయిల్ తగ్గిపోవచ్చు. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతూ, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. 1000 కిలోమీటర్లలో అన్ని సిలిండర్లూ కలిపి 40 లక్షల సార్లు ఇంధనాన్ని మండిస్తాయి. ఆ దూరంలో లీటరు ఆయిల్ తగ్గిందంటే ఒక్కో మంటకు కాలింది చుక్కలో సుమారు రెండు వందలో వంతు! అందుకే కంటిని కాక, ఆయిల్ మట్టం చూపే కడ్డీని, అంటే డిప్‌స్టిక్‌ని నమ్మాలి. బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపిన కొన్ని నిమిషాలకు, పై గీత దాకా ఆయిల్ నింపి, కిలోమీటర్లు రాసిపెట్టుకోండి. రాత్రి కింద ఒక అట్ట పరిస్తే ఆయిల్ కాలుతోందో, కారుతోందో కూడా చాలావరకు తేలిపోతుంది.

ఇక వేళ సంగతి. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ వదిలి, కాసేపటికి మామూలైపోతే అనుమానం వాల్వ్ సీల్స్ మీదకి పోవాలి. ఇవి సిలిండర్‌లోకి దారి తెరిచి మూసే వాల్వ్ కాడ చుట్టూ ఉండే చిన్న రబ్బరు టోపీలు. ఏళ్ల వేడికి గట్టిపడి పట్టు వదులుతాయి. సిలిండర్ల పైన వాల్వులుండే హెడ్‌లో నిలిచిన ఆయిల్ రాత్రి కాడ వెంట మెల్లగా సిలిండర్‌లోకి జారుతుంది. పెద్ద వాలు దిగుతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. థ్రాటిల్ మూసుకోవడంతో లోపల పీడనం బాగా పడిపోయి, ఆయిల్‌ని లాగేస్తుంది. మళ్లీ కాలు నొక్కగానే పొగ.

అలా కాక, ఎత్తు ఎక్కుతున్నంతసేపూ పొగ వదలకుండా వస్తుంటే రింగుల వైపు చూడాలి. సిలిండర్‌లో పైకీ కిందకీ ఆడే పిస్టన్‌కు చుట్టూ సాధారణంగా మూడు లోహపు రింగులుంటాయి. అడుగుది ఆయిల్ రింగు. సిలిండర్ గోడకు అంటిన ఆయిల్‌ని గీకి, గాడిలోని సన్నటి రంధ్రాల గుండా కిందకి పంపడం దాని పని. సమయానికి ఆయిల్ మార్చకపోతే మాడిన మసి ఆ రంధ్రాలను పూడ్చేస్తుంది, రింగు గాడిలోనే బిగుసుకుపోతుంది. ఏదీ అరగలేదు, విరగలేదు, అయినా ఆయిల్ పైకి పోతూనే ఉంటుంది.

సిలిండర్‌లో పీడనం ఎంత నిలుస్తోందో కొలిచే కంప్రెషన్ పరీక్ష తడబడేది ఇక్కడే. పీడనాన్ని ఎక్కువగా ఆపేది పై రింగులు కాబట్టి, ఆయిల్ రింగు మొరాయించినా రీడింగ్ బాగానే వస్తుంది. రీడింగ్ తక్కువగా ఉంటే మాత్రం స్పార్క్ ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. పెరిగితే లోపం రింగుల్లోనో, సిలిండర్ గోడలోనో ఉన్నట్టు. పెరగకపోతే వాల్వుల్లోనో, హెడ్ కింద బిగించే హెడ్ గాస్కెట్‌లోనో.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది పీసీవీ వాల్వ్. రింగులు దాటి కిందకి జారే వాయువులను ఇది తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపుతుంది. తెరుచుకుని ఇరుక్కుపోతే వాటితో పాటు ఆయిల్ తుంపర్లు కూడా పోతాయి. పూడుకుపోతే అడుగున పీడనం పెరిగి, దొరికిన సందులోంచల్లా ఆయిల్‌ని తోసేస్తుంది. చాలా ఇంజన్లలో చవకైన చిన్న భాగమే, కానీ దీన్ని చూడకుండానే ఇంజన్ విప్పేవాళ్లున్నారు.

వాల్వ్ సీల్స్‌కి కూడా చాలా ఇంజన్లలో హెడ్ దించక్కర్లేదు. స్ప్రింగు తీశాక వాల్వ్ సిలిండర్‌లో పడిపోకుండా ప్లగ్ రంధ్రం గుండా గాలిని పీడనంతో పంపుతారు. కొందరైతే నైలాన్ తాడు లోపలికి దోపి, పిస్టన్‌ని పైకి తెచ్చి, ఆ తాడు ముద్దతోనే వాల్వ్‌ని పట్టి ఉంచుతారు. భలే ఉపాయం! బిగుసుకున్న రింగులకైతే ముందు మసి కరిగించే ద్రవం పోసి నానబెట్టి చూడొచ్చు, ఫలితం గ్యారంటీ లేదు. చిక్కటి ఆయిల్ వాడటం నా దృష్టిలో వైద్యం కాదు, వాయిదా.

తగ్గుదల కొద్దిగా, నిలకడగా ఉంటే పోసుకుంటూ నడపడం కూడా తప్పేం కాదు. అయితే ఆయిల్‌లోని భాస్వరం, సైలెన్సర్ దారిలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి పూతను కప్పేస్తూ పోతుంది. కన్వర్టర్ మార్చే ఖర్చు చాలాసార్లు వాల్వ్ సీల్స్ ఖర్చును మించిపోతుంది కాబట్టి, పోసే ఆయిల్ పెరుగుతున్నప్పుడు ఆ లెక్క కూడా వేసుకోవాలి.