పెద్దోడు, నడిపోడు, చిన్నోడు: పుట్టిన వరుస మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో పిల్లలకూ కుటుంబాలకూ కౌన్సెలింగ్ చేసే నా వృత్తిలో, తల్లిదండ్రులు బిడ్డ పేరు కంటే ముందు బిడ్డ వరుసను చెప్పడం తరచుగా వింటాను. "మా పెద్దోడు మేడం, ఎంత చెప్తే అంత వింటడు", "ఇది నడిపిది, జర మొండిది", "చిన్నోడు గారాబంగ పెరిగిండు, ఏ పనీ ముట్టడు" అన్న మాటలతోనే పరిచయం మొదలవుతుంది. ప్రేమతో అనే మాటలే అయినా, అవి బిడ్డ మీద ముద్రగా పడిపోయి ఏళ్ల తరబడి చెరగకపోవడం చూస్తున్నాను. నా అనుభవమూ, ఈ రంగంలో జరిగిన పరిశోధనా ఒకే విషయం చెబుతున్నాయి: పుట్టిన వరుస స్వభావాన్ని మార్చేది బహు స్వల్పం, ఆ వరుసను చూసి ఇల్లు అప్పగించే పనులూ, పెట్టుకునే ఆశలూ సంబంధాలను మార్చేది చాలా ఎక్కువ. ఇక్కడ ప్రస్తావించిన కుటుంబాలను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అపోహ: పెద్దవాళ్లు బాధ్యతగా, నడిపివాళ్లు సర్దుకుపోయేలా, చిన్నవాళ్లు అల్లరిగా ఉంటారు, స్వభావం వరుసను బట్టే వస్తుంది.

వాస్తవం: ఈ ఆలోచనకు శాస్త్రంలోనూ పాత చరిత్ర ఉన్నది. ఇంగ్లండ్‌లో పేరున్న శాస్త్రవేత్తలలో తొలి సంతానం ఎక్కువగా ఉన్నారని అక్కడి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1874లోనే రాశాడు. ఆ తరువాత వియన్నా వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్, రెండో బిడ్డ పుట్టగానే మొదటి బిడ్డ సింహాసనం దిగిపోయిన రాజులాగా బాధపడుతుందనీ, ఆ బాధ నుంచే ఆ బిడ్డ స్వభావం ఏర్పడుతుందనీ వివరించాడు. తన దగ్గరికి వచ్చినవారిని గమనించి ఆయన చెప్పిన మాట అది. ఎందరినో కొలిచి తేల్చింది కాదు. 2015లో రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. అమెరికా, బ్రిటన్, జర్మనీ దేశాలలో 20,000 మందికి పైగా పరిశీలించిన ఒకదానిలో కలుపుగోలుతనం, మనోనిబ్బరం, బాధ్యతాయుతంగా నడుచుకోవడం వంటి గుణాలకూ పుట్టిన వరుసకూ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. అమెరికాలో దాదాపు 3,77,000 మంది హైస్కూలు విద్యార్థులతో జరిగిన రెండోదానిలో కనిపించిన తేడా, పక్కపక్కన కూర్చోబెట్టినా కంటికి ఆననంత చిన్నది.

మరి మన కళ్లకు అంత స్పష్టంగా ఎందుకు కనిపిస్తుంది? ఇంట్లో మనం పోల్చేది పన్నెండేళ్ల పిల్లనూ ఆరేళ్ల పిల్లవాణ్ణీ. పన్నెండేళ్లకు వచ్చిన ఓపికను అక్కతనం అనుకుంటాము, ఆరేళ్ల తొందరను చిన్నోడి గుణం అనుకుంటాము. ఆ పిల్లవాడికి పన్నెండేళ్లు వచ్చేసరికి అక్కకు పద్దెనిమిది వస్తాయి కనుక, ఇంట్లో ఆ పోలికకు అంతం ఉండదు.

అపోహ: పెద్దబిడ్డకు బాధ్యత పుట్టుకతోనే వస్తుంది, ఆమెకు చెప్పనక్కర లేదు.

వాస్తవం: నేను ఎక్కువగా పట్టించుకొమ్మని కోరేది ఈ అపోహనే. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబంలో పెద్దపిల్ల తొమ్మిదో తరగతి చదువుతూ ఉండేది. ఆమెకు తరచుగా తలనొప్పి వస్తున్నదనీ, డాక్టర్లు పరీక్షలు చేసి ఏమీ లేదన్నారనీ తల్లి చెప్పింది. మేము మాట్లాడుతుండగా ఏడేళ్ల తమ్ముడు "దూప అయితున్నది" అన్నాడు. తల్లి తల తిప్పేలోపే ఆ పిల్ల సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి, వాడి గడ్డం కింద చెయ్యి పెట్టి నీళ్లు తాగించి, మూతి తుడిచి, సీసా మళ్లీ లోపల పెట్టింది. ఆ పని చేస్తున్నట్టు ఆమెకే తెలిసినట్టు లేదు. తల్లి సంతోషంగా "చూసిండ్రా మేడం, అన్నీ దానికే తెలుస్తయి" అన్నది.

పత్తి ఏరే కాలంలో అమ్మ, బాపు పొద్దున్నే చేనుకు పోతే, అన్నం వండటం, తమ్ముణ్ణి బడికి తయారు చేయడం, మంచంలో ఉన్న నాయనమ్మను చూసుకోవడం ఆ పిల్ల వంతు. కూలీలు దొరకని రోజున బడి మానేదీ ఆమే. మరుసటి ఏడు గురుకులంలో సీటు వచ్చి హాస్టలుకు వెళ్లింది. కొన్ని నెలల తరువాత తల్లి ఆశ్చర్యంగా ఫోన్ చేసింది: అక్కడి టీచరు లెక్క ప్రకారం ఆ తరగతిలో అందరికంటే ఎక్కువ నవ్వేది, రాత్రి లైట్లు ఆర్పాక కథలు చెప్పి తిట్లు తినేది ఈమేనట. తలనొప్పుల మాట కూడా తగ్గింది. ఇంట్లో ఒకలా, బయట ఒకలా ఉండటం నటన కాదు. ఇంటి వరుస నేర్పిన నడత ఇంటి గడప లోపలే పనిచేస్తుందని పరిశోధకులు కూడా చాలా కాలంగా చెబుతున్నారు. తోటి పిల్లల మధ్య ఎవరూ అక్కా కాదు, చెల్లే కాదు.

పేదరికంలో పెద్దపిల్ల సాయం లేకుండా ఇల్లు నడవదని నాకు తెలుసు, ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నేను అడిగేది ఇంతవరకే: ఆమె చేస్తున్నది పని అని ఒప్పుకోండి, దాన్ని ఆమె గుణం కింద జమ చేయకండి, తమ్ముడికి ఏడేళ్లు వచ్చాక వాడి సీసా వాడే మోయాలి, పరీక్షల నెలలోనైనా ఆమె పని మరొకరికి మారాలి.

అపోహ: తొలి సంతానానికి తెలివి ఎక్కువ.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉన్నది, అయితే తల్లిదండ్రులు అనుకునే విధంగా కాదు. నార్వేలో సైన్యంలో చేరే వయసున్న దాదాపు 2,40,000 మంది యువకుల వివరాలతో 2007లో వచ్చిన అధ్యయనంలో, మొదటివారి సగటు ఐక్యూ రెండోవారి కంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువగా ఉన్నది. అందులోనే మరో సంగతి బయటపడింది. అన్నో అక్కో చిన్నప్పుడే చనిపోయినందువల్ల ఇంట్లో పెద్దవారిగా పెరిగిన రెండో సంతానం కూడా మొదటివారితో సమానంగా నిలిచారు. అంటే ఆ తేడా గర్భంలో వచ్చింది కాదు, ఇంట్లో పెరిగిన స్థానం వల్ల వచ్చింది. మొదటి బిడ్డకు కొన్నాళ్లు తల్లిదండ్రుల సమయమంతా ఒక్కరికే దక్కడం, చిన్నవారికి చెబుతూ తానూ నేర్చుకోవడం దీనికి కారణాలు కావచ్చునని పరిశోధకుల అంచనా. సగటులో రెండు మూడు పాయింట్లు అంటే, మీ ఇంట్లో ఎవరు బాగా చదువుతారో దాని వల్ల చెప్పలేము. పెద్దోణ్ణి హైదరాబాద్ కోచింగ్‌కు పంపి, చిన్నోడు "చదువుకు పనికిరాడు" అని పదో తరగతికే నిర్ణయించడానికి ఈ లెక్క ఆధారం కాదు.

మన దేశానికి సంబంధించి అంతకంటే బాధ కలిగించే లెక్క ఒకటి ఉన్నది. భారతీయ పిల్లల ఎత్తును ఆఫ్రికాలోని పేద దేశాల పిల్లలతో పోల్చి 2017లో ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో, మన పిల్లలు వెనకబడటం రెండో సంతానం నుంచి మొదలై తరువాతి వారికి పెరుగుతూ పోయింది. పెద్దకొడుకు మీద ఉన్న మక్కువ వల్ల తిండీ వైద్యమూ సమానంగా పంచకపోవడమే దీనికి ముఖ్య కారణమని వారు తేల్చారు. వరుస ఎముకల దాకా వెళ్లింది పంపకం ద్వారానే.

అపోహ: నడిపివారిని ఎవరూ పట్టించుకోరు, అందుకే వారు మొండిగా తయారవుతారు.

వాస్తవం: కొన్ని ఇళ్లలో పట్టించుకోకపోవడం నిజమే, దాని ఫలితంగా మొండితనం వస్తుందన్నది రుజువు కాలేదు. ఇటీవల వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో నడిపివారు నిజాయితీ, సర్దుబాటు గుణాలలో కొద్దిగా ముందున్నారు. అందులోనూ కొంత భాగం ఎక్కువ మంది పిల్లల మధ్య పెరగడం వల్లనే వచ్చింది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. కొత్త తరంలో నడిపివారే అరుదైపోతున్నారు.

అపోహ: ఒక్కరే ఉంటే స్వార్థంగా, ఒంటరిగా పెరుగుతారు.

వాస్తవం: "ఒక కన్ను కన్నూ కాదు, ఒక కొడుకు కొడుకూ కాదు" అని అత్తమామలు అంటే, ఒక్క బిడ్డతో ఆగిన కోడలు నా ముందు కూర్చొని కన్నీరు పెట్టుకోవడం ఇప్పటికీ చూస్తున్నాను. 1986లో అమెరికా పరిశోధకులు 115 అధ్యయనాలను కలిపి చూస్తే, నలుగురితో కలిసే తీరులో ఏకైక సంతానానికీ ఇతరులకూ తేడా కనిపించలేదు. బీజింగ్‌లో జరిగిన ఒక అధ్యయనం 2013లో భిన్నమైన ఫలితం ఇచ్చింది, కానీ అది ప్రభుత్వ విధానం కింద ఒక్క బిడ్డతోనే ఆగవలసి వచ్చిన తరం గురించినది. పక్కింటి పిల్లలతో, మేనత్త పిల్లలతో ఆడుకోనిస్తే చాలు.

అపోహ: ముసలితనంలో తల్లిదండ్రులను చూడవలసింది పెద్దకొడుకే.

వాస్తవం: పిల్లలు పెద్దయ్యాక నా దగ్గరికి వచ్చే గొడవలలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెట్టే ఆచారమూ, పంపకాలలో పెద్దవాడికి జ్యేష్ఠభాగం పేరుతో కొంత ఎక్కువ వాటా ఇచ్చే పాత పద్ధతీ బతుకంతా అదే వరుసలో నడవాలన్న నమ్మకాన్ని పెంచాయి. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లలో పెద్దోడు గల్ఫ్‌కు పోయి పైసలు పంపుతాడు, చిన్నోడు ఊళ్లో ఉండి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతాడు. పదిహేనేళ్ల తరువాత "నా చెమటతోనే ఇల్లు కట్టిండ్రు" అని ఒకరు, "నువ్వు అవ్వ మొఖం చూసినవా" అని ఇంకొకరు నిలదీసుకుంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. స్వభావాలు పడక వచ్చిన గొడవ కాదది, రెండు రకాల శ్రమలను ఒకే తక్కెడలో పెట్టలేక వచ్చినది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కొడుకులనూ కూతుళ్లనూ ఒకే వరుసలో నిలబెట్టింది, పెద్దా చిన్నా తేడా అందులో లేదు.

ఇలాంటి అన్నదమ్ములు వచ్చినప్పుడు స్వభావాల గురించి మాట్లాడనివ్వను. ఒక కాగితం మీద తల్లికి నెల నెలా పడే ఖర్చు, ఆసుపత్రికి తీసుకుపోయే రోజులు, రాత్రి తోడుండటం వేర్వేరుగా రాయించి, ఒక్కో పని ఎదురుగా ఇప్పుడు ఎవరు చేస్తున్నారో, వచ్చే ఆరు నెలలు ఎవరు చేస్తారో వాళ్లతోనే నింపిస్తాను. ఆడబిడ్డను ఆ రోజు పిలవకపోతే మళ్లీ ఒక తేదీ ఇచ్చి, ఆమె వచ్చాకనే కాగితం తీస్తాను.