ఆకుమడిలో ఇంగ్లీషు మాటలు

బుజ్జమ్మకీ, చిన్నోడికీ తాతయ్య దీవెనలు.

ఉత్తరం అంటే కాగితం మీదే రాయాలి గానీ ఈ మధ్య చెయ్యి వణుకుతోంది, అందుకని మీ నాన్న కొనిచ్చిన ఫోన్లోనే టైపు కొడుతున్నా. తప్పులుంటే సర్దుకోండి, మీ అమ్మకి మాత్రం చూపించకండి.

మొన్న ఆదివారం బుజ్జమ్మ హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడుపు గొంతుతో ఒకటడిగింది. "తాతయ్యా, వారానికి 50 ఇంగ్లీషు మాటలిచ్చి నేర్చుకోమంటున్నారు, శుక్రవారం టెస్టులో 48 రాశాను, సోమవారం మేడం మళ్ళీ అవే అడిగితే 11 కూడా గుర్తు రాలేదు, మిగతావన్నీ ఎక్కడికి పోతున్నాయి?" అని. అప్పుడు నేను చేలో ఉన్నా, వరి ఆకు, అదే నారు, తీయిస్తున్నా, మనుషులకి టీ తేవడానికెళ్ళిన కుర్రాడు గంటైనా రాలేదు, ఆ చిరాకులో "బాగా చదువమ్మా" అని పెట్టేశా. తప్పే. ఎంత మంచి ప్రశ్న అది! గట్టు మీద నిలబడి ఆలోచిస్తే జవాబు కాళ్ళ దగ్గరే కనబడింది. నీ మాటలు ఎక్కడికీ పోలేదమ్మా, ఆకుమడిలోనే ఉండిపోయాయి.

చిన్నోడికి ఆకుమడంటే తెలీదేమో, చెప్తా. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, కాలవలకి నీళ్ళొదలగానే వరి విత్తనం నానబెట్టి, మొలకెత్తేలా కప్పెట్టి మండె కట్టి, మొలకొచ్చాక ఓ మూల చిన్న మడిలో ఒత్తుగా చల్లేస్తాం. 5 సెంట్ల మడి పెంచితే ఎకరం ఊడ్చుకోవచ్చు, అంటే నాటుకోవచ్చు. ఇరవై రోజులయ్యేసరికి ఎంత పచ్చగా ఉంటుందంటే ఊళ్ళోకొచ్చిన చుట్టాలు రోడ్డు మీద ఆగి ఫోటోలు తీసుకుంటారు. కానీ ఏ రైతూ దాన్ని చూసి పంట పండిందనడు. నెల తిరక్కుండా పీకి, కట్టలు కట్టి, నీళ్ళు పెట్టి బురదగా దమ్ము చేసిన చేలో ఊడ్చాలి. బద్ధకించి అక్కడే ఉంచామా, ముదిరిపోతుంది. ముదురాకు ఊడిస్తే పిలకలు సరిగా వెయ్యదు. నీ 50 మాటల లిస్టు ఆ ఆకుమడమ్మా. 48 వచ్చాయంటే మడి పచ్చగా ఉందని అర్థం, అంతే. ఒక్క మొక్కైనా నీ చేలోకి వచ్చిందా అన్నది అసలు సంగతి.

నీ చేనంటే ఏంటని అడుగుతావు. నీ నోరు, నీ ఊరు, నీ పోట్లాటలు.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణేలే. ఎనిమిదో క్లాసులో ఉండగా మా మేనమామ దగ్గర ఓ పాత ఇంగ్లీషు తెలుగు డిక్షనరీ ఉండేది. అట్ట ఊడిపోయింది, ఏ నుంచి సీ దాకా చెదలు తినేసింది, కాబట్టి నా ఇంగ్లీషు డీ దగ్గర మొదలైంది. సాయంత్రం లాకుల గట్టు మీద కూర్చుని రోజుకి పది మాటలు బట్టీ కొట్టేవాణ్ణి, పడవ వచ్చిందంటే మాత్రం చదువాపేసి తలుపులు మూసి నీళ్ళు పెంచి పడవని పైకెత్తడం నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. సరే అది వేరే కథ. ఓ రోజు స్కూలుకి ఇన్‌స్పెక్టరుగారొచ్చారు. నన్ను లేపి, నా పక్కన కూర్చున్నవాణ్ణి చూపించి ఈ అబ్బాయెవరు అని ఇంగ్లీషులో అడిగారు. ఫ్రెండ్ అని ఒకటో క్లాసు పిల్లాడైనా చెప్తాడు, నాకది చిన్నతనం అనిపించింది. డిక్షనరీలో రైవల్ అనే మాటకెదురుగా "సాటివాడు" అని చూసిన గుర్తు. ఛాతీ విరుచుకుని "హీ ఈజ్ మై రైవల్ సర్" అన్నా.

ఆయన పగలబడి నవ్వి, ఏం గొడవరా మీ ఇద్దరికీ అన్నారు. మాస్టారు క్లాసందరికీ వినబడేలా, వీణ్ణి ప్రత్యర్థి అంటున్నాడర్రా అని తెలుగు చేశారు. వాడు ఆ మధ్యాహ్నమే బెంచీ మారిపోయాడు. పది రోజులు మాట్లాడలేదు. మాటలు పోతే పోనీ గానీ వాళ్ళింటి నుంచి రోజూ తెచ్చే మామిడితాండ్ర ముక్క ఆగిపోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు.

మాట తెలిసింది, అది ఏ చేలో పెరుగుతుందో తెలీలేదు. లిస్టులో మాటకి పక్కన ఒక్క తెలుగు ముక్క రాసుకుంటే ఇదే జరుగుద్ది. అందుకే చెప్తున్నా, మీ క్లాసులో ఎవరైనా పెద్ద మాట వాడబోయి బోర్లా పడితే నవ్వకండి. కనీసం ఊడ్వడానికి మట్టిలో దిగాడు కదా, గట్టు మీద కూర్చోలేదుగా.

అయితే విను, కథ అక్కడితో అయిపోలేదు. చాలా ఏళ్ళ తర్వాత, ఉద్యోగంలో చేరాక, లైబ్రరీలో పెద్ద డిక్షనరీ దొరికితే కసి కొద్దీ ముందు రైవలే తీశా. ఏముందో తెలుసా? అది లాటిన్ నుంచి వచ్చిన మాట. రీవస్ అంటే వాళ్ళ భాషలో వాగు, కాలవ. ఒకే కాలవ నీళ్ళు వాడుకునే ఇద్దరు మనుషులు ఒకళ్ళకొకళ్ళు రైవల్స్! అక్కడే కుర్చీలో కూలబడిపోయా. ఎందుకంటే ఆ బెంచీ మారినవాడి నాన్నా మా నాన్నా ఒకే బోదె, అంటే చిన్న కాలవ, కింద రైతులు, వంతు నీళ్ళ దగ్గర తెల్లారుజామున పారలెత్తుకున్నవాళ్ళే. నేను తప్పు చెప్పలేదర్రా, రెండు వేల ఏళ్ళు వెనక్కెళ్ళి చెప్పాను, ఇన్‌స్పెక్టరుగారికి అందలేదు.

ఆ రీవస్ అనే దుబ్బుకే ఇంకో పిలక ఉంది, డిరైవ్. లెక్కల్లో ఫార్ములా డిరైవ్ చెయ్యమంటారు చూడు, అదే. ముందు దానర్థం ఏటి నుంచి నీటిని పక్కకి తియ్యడం. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి చేసిన పనేంటి, గోదారిని మన చేలలోకి డిరైవ్ చెయ్యడమేగా. ఇంతా చేసి రివర్ అన్న మాట మాత్రం రీవస్ నుంచి రాలేదు, పోలిక చూసి మోసపోకండి. అది రీపా, అంటే ఒడ్డు, అన్న మాట నుంచి వచ్చింది. ఆ ఒడ్డు నుంచే అరైవ్ కూడా వచ్చింది, పడవ ఒడ్డుకి చేరడం అన్నమాట. కోటిపల్లి రేవులో పంటు పడవెక్కి ముక్తేశ్వరం వైపు దిగుతాం చూడండి, అసలైన అరైవల్ అది. బస్సు దిగితే కూడా అరైవల్ అనడం తర్వాత అలవాటైంది.

ఇంకోటి, ఇది చెప్పకపోతే నిద్ర పట్టదు. సెమినార్ అంటారు కదా, పెద్ద పెద్ద కాలేజీల్లో కోట్లు వేసుకుని మాట్లాడతారు. లాటిన్లో సెమినేరియం అంటే నారుమడి. మన ఆకుమడేనమ్మా! నేనేదో పల్లెటూరి ముసలాణ్ణి కాబట్టి చదువుకి ఆకుమడి పోలిక తెచ్చాననుకున్నా, వాళ్ళు నాకంటే ముందే తెచ్చేశారు.

ఇక్కడ మీ చిన్నతాత అడ్డొచ్చాడు. ఈ ఉత్తరం చదివి వినిపిస్తే "అన్నయ్యా, నేను మూడేళ్ళ నించి ఊడ్పులే మానేశాను, విత్తనం నేరుగా చేలోనే వెద జల్లుతున్నా, నా చేను పండట్లేదా?" అన్నాడు. నిజమే, పండుతోంది, కూలి ఖర్చు కూడా మిగులుతోంది. నా పోలిక కాస్త బెసికింది. కానీ వదలను. వెదజల్లడాన్ని ఇంగ్లీషులో బ్రాడ్‌కాస్ట్ అంటారు, రేడియో పుట్టకముందు ఆ మాటకి చేత్తో విత్తనం విసిరి జల్లడమనే అర్థం, రేడియో వాళ్ళు రైతు దగ్గర అప్పు తీసుకున్నారు. కథల పుస్తకాలు, పేపరు, క్రికెట్ కామెంటరీ, ఇవన్నీ వెద. వెయ్యి మాటలు మీద పడతాయి, కొన్ని పిట్టలు తింటాయి, కొన్ని మురిగిపోతాయి, కొన్ని నీకు తెలీకుండానే మొలుస్తాయి. అర్థం తెలీని ప్రతి మాట దగ్గరా ఆగి డిక్షనరీ తియ్యక్కర్లేదు, అలా చేస్తే కథ చచ్చిపోతుంది. ఒకే మాట మూడోసారి ఎదురైందనుకో, అప్పుడు తియ్యి. కాకపోతే వెదలో కలుపెక్కువ, మీ చిన్నతాత పొద్దస్తమానం దాంతోనే కుస్తీ. చెవిన పడ్డ మాటల్లోనూ సగం అర్థం తెలిసినవీ, ఎవరో తప్పుగా వాడగా పట్టుకున్నవీ ఉంటాయి, అవి ఏరుకోవాలి. అందుకని రెండూ చెయ్యండి. చదవడం వెద, రాయడం ఊడ్పు.

ఊడ్పు ఎలాగంటే, 50లో రోజుకి 5 తీసుకో, చాలు. ఒక్కోదానికీ మనిల్లో మనూళ్ళో జరిగిన దాంతో ఒక వాక్యం రాయి. గైడులో వాక్యం ఎత్తి రాస్తే చెల్లదు, అది పక్కోడి చేను. నువ్వు లిస్టు చదివినప్పుడు రెండు మాటలు నాకు గుర్తుండిపోయాయి. రెసిలియెంట్ అన్నావు. ఊడ్చిన వారం చేను చూశావా, ఆకు వాలిపోయి, ఎర్రబడి, చచ్చిపోయిందేమో అనిపిస్తుంది, మరో వారానికి తేరుకుని లేచి నిలబడుతుంది. లాటిన్లో ఆ మాటకర్థం వెనక్కి గెంతడం. అది రాయి. మెటిక్యులస్ అన్నావు. నాయనమ్మ చేటలో బియ్యం పోసుకుని కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కో మట్టిబెడ్డా ఏరుతుంది చూడు, అది. ఆ మాట వెనక మెటస్ అనుంది, అంటే భయం. మొదట్లో మెటిక్యులస్ అంటే భయస్థుడనే. మీ నాయనమ్మ ఎవరికీ భయపడదు, కాబట్టి ఈ పాత అర్థం ఆవిడకి చెప్పకండి.

రాసిన వాక్యాన్ని ఆ రాత్రి ఓసారి, మూడో రోజు ఓసారి, పదో రోజు ఓసారి, పుస్తకం మూసి చెప్పుకో. చేనుకి ఒకేసారి నెలకి సరిపడా నీళ్ళు పెట్టేసి ఇంట్లో పడుకోం కదా.

ఇంగ్లీషువాళ్ళ దగ్గర మనం తెచ్చుకోవడమేగానీ మనమేం ఇచ్చామని చిన్నోడు అడుగుతాడు, వాడికి ఉక్రోషం ఎక్కువ. ఇచ్చాంరా. గట్లు తొలిచేసే పందికొక్కుని వాళ్ళ నోరు బ్యాండికూట్ చేసుకుంది, అది తెలుగు మాటే. ఆస్ట్రేలియాలో పొట్టకింద సంచిలో పిల్లల్ని మోసే జంతువొకటుంది, పందికొక్కుకీ దానికీ చుట్టరికమే లేదు, అయినా దాన్ని కూడా అలాగే పిలుస్తున్నారు! ఆనకట్టని అనికట్ అంటారు, కాకపోతే అది అరవం నుంచి తీసుకున్నారు, మనకీ వాళ్ళకీ అది ఉమ్మడి ఆస్తి.

సైక్లోన్ సంగతి కూడా చెప్తా. కలకత్తాలో ఉండి తుఫానుల మీద లెక్కలు కట్టిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన పెట్టిన పేరది, 1848లో ఓడలవాళ్ళ కోసం అచ్చువేసిన పుస్తకంలో ఉంది. పాము చుట్టలు చుట్టుకున్నట్టు గాలి తిరుగుతోందని గ్రీకు మాట తీసుకుని పెట్టాడు. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1839లో, కాకినాడ దగ్గర మన కోరంగి రేవుని అలాంటిదే ఒకటి ఊడ్చేసింది. నేను చూసింది 1996 నవంబరు 6 రాత్రి. కొబ్బరిచెట్లు విరుగుతుంటే ఆ చప్పుడు ఇంట్లోకి లెక్కపెట్టేట్టు వినబడింది, మీ నాయనమ్మ లెక్కపెట్టింది కూడా, నలభై దాటాక మానేసింది. తెల్లారాక చూస్తే మన తోటలోంచి పక్కూరు కనబడింది, అంతకుముందెప్పుడూ కనబడలేదు. సైకిలూ, సైక్లోనూ ఒకే గ్రీకు తల్లి పిల్లలు, మన చక్రం వాటికి దాయాదే. చిన్నోడి సైకిలు చక్రం చూసినప్పుడల్లా నాకు ఆ రాత్రి గుర్తొస్తుందంటే మాటలు ఎంత దూరం పాకుతాయో చూడండి.

ఏదో చెప్పబోయి ఎక్కడికో వెళ్ళాను, ఫోను ఛార్జింగు కూడా అయిపోవస్తోంది. బుజ్జమ్మా, నువ్వు శనివారం వస్తున్నావుగా. కాలవ పక్క చివరి మడి అలాగే ఉంచమన్నాను, ఆదివారం తీస్తారు. ఆరింటికే లేచి రావాలి, ఎండెక్కితే అయిపోతుంది. పుస్తకాలు తేకు. ఆకు తీసేవాళ్ళు పిడికెడు పీకి, వేళ్ళకంటుకున్న బురద వదిలేలా నీళ్ళలో ఓ ఊపు ఊపుతారు, ముందుకీ వెనక్కీ, ఆఖర్న కాలికేసి ఓ తట్టు తట్టి కట్ట కడతారు, చెయ్యి ఎక్కడా ఆగదు. దగ్గర కూర్చుని చూడు. ఇంగ్లీషులో రిన్స్ ఉంది, స్విష్ ఉంది, స్వర్ల్ ఉంది, డంక్ ఉంది, ఆ ఊపుకి వీటిల్లో ఏది సరిపోతుందో గట్టు మీదే తేల్చి నాకు చెప్పాలి. చిన్నోడేమో ఆ తట్టు సంగతి చూసుకుంటాడు.

ఉంటాను,
తాతయ్య