మొదటి జీతం బట్టలు: పెదనాన్న ఉత్తరం

చి॥ వంశీకి, చి॥ సాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఆఫీసువాళ్లు పంపిన మెయిల్లో డ్రెస్ కోడ్ దగ్గర ‘స్మార్ట్ క్యాజువల్’ అని ఉందనీ, అదేంటో అర్థంకాక వంశీ టెన్షన్ పడుతున్నాడనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సాయికి ఇంకా ఏడాది చదువుంది కానీ క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గరికొచ్చేశాయి కదా, అందుకని ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. తెనాలిలో కుట్టు మిషన్ ముందు కూర్చునే నాకు ఇంత వయసొచ్చింది. ఈ ఒక్క విషయంలో మీరు చూసే యూట్యూబ్ కుర్రాళ్ల కంటే నాలుగు మాటలు ఎక్కువే చెప్పగలను.

ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఫార్మల్స్‌లోంచి టై, సూటు తీసెయ్యండి. కాలేజీ బట్టల్లోంచి చిరుగుల జీన్స్, బొమ్మల టీషర్టులు, రబ్బరు చెప్పులు తీసెయ్యండి. మధ్యలో మిగిలిందే ఇది. కాలరున్న చొక్కా, ముదురు రంగు జీన్స్ లేదా చినోస్ (జీన్స్ కంటే పల్చటి కాటన్ ప్యాంట్లు), శుభ్రంగా ఉన్న బూట్లు. ఆ బట్టలతో క్లయింట్ ఎదురుగా కూర్చోవచ్చు, అటునుంచి అటే ఫ్రెండ్ పుట్టినరోజుకీ వెళ్లొచ్చు. ఒక్కో ఆఫీసులో ఒక్కో పద్ధతి ఉంటుంది కాబట్టి మొదటివారం కాస్త నీటుగానే వెళ్లండి. పక్కవాళ్లు ఏం వేసుకొస్తున్నారో చూసి తర్వాత సడలించుకోవచ్చు.

షాపులకి పరిగెత్తే ముందు మీ ఇంట్లో బీరువా తెరవండి. పెళ్లికో గృహప్రవేశానికో వెళ్లినప్పుడు పెట్టిన ప్యాంటు షర్టు పీసులు కవరు కూడా విప్పకుండా అడుగున పడి ఉంటాయి. వాటిల్లో కాటన్ షర్టు పీసులు ఏరుకోండి. పన్నా అంటే బట్ట వెడల్పు, అది 58 అంగుళాలైతే ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి 1.6 మీటర్లు సరిపోతుంది. 36 అంగుళాల పన్నా అయితే 2.25 మీటర్లు కావాలి. వంశీ పొడుగు కాబట్టి వాడికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ప్యాంటు పీసులు మాత్రం ఎక్కువగా మెరుపున్న పాలిస్టర్ బట్టలే ఉంటాయి. ముదురు బూడిద రంగుది ఏదైనా ఉంటే ఇంటర్వ్యూకి పనికొస్తుంది, కుట్టించుకో సాయీ. మిగతావి అమ్మకిచ్చెయ్యండి, ఎలాగూ ఇంకో పెళ్లిలో పెట్టేస్తుంది.

ఇక కొలతల సంగతి. నా మాటల్లో ఇంకేది గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఖరీదైన చొక్కా వదులుగా వేసుకున్నవాడి కంటే, మామూలు చొక్కా ఒంటికి సరిపోయేలా వేసుకున్నవాడే బాగుంటాడు. సన్నగా ఉన్నవాళ్లు నిండుగా కనబడాలని ఒక సైజు పెద్దది తీసుకుంటారు. దాంతో చొక్కా కొంకికి తగిలించినట్టు వేలాడి మనిషి ఇంకా బక్కగా కనిపిస్తాడు. పొట్ట ఉన్నవాళ్లూ దాన్ని దాచుకోవాలని అదే పని చేస్తారు. అలా చేస్తే ఒక్క పొట్ట కాదు, మనిషి మొత్తం లావుగా కనిపిస్తాడు.

ట్రయల్ రూమ్‌లో ముందు భుజాలు చూసుకోండి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి, చేతి మీదికి జారకూడదు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపండి. వీపు మీద పట్టేసినా, ఛాతీ దగ్గర గుండీల మధ్య సందు కనబడినా ఆ చొక్కా చిన్నదే. కాలర్ గుండీ పెట్టుకున్నాక లోపల రెండు వేళ్లు ఆడాలి. కఫ్ మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. టక్ చేయకుండా వేసుకునే చొక్కా ముందువైపు ప్యాంటు జిప్పు సగందాకా వస్తే చాలు. కింది అంచు పక్కల్లో బాగా పైకెళ్లి ముందూ వెనకా పొడుగ్గా దిగిందంటే అది టక్ చేసుకోవడానికి కుట్టిన చొక్కా. దాన్ని బయటికి వదిలేస్తే వెనకనుంచి తోకలా ఉంటుంది.

లేబుల్ మీది అంకె దగ్గర చాలామంది తికమకపడతారు. ఎక్కువ కంపెనీల ఫార్మల్ చొక్కాల మీద 39, 40, 42 అని ఉండేది సెంటీమీటర్లలో కాలర్ చుట్టుకొలత. అదే బ్లేజర్ మీద 40 అని ఉంటే ఛాతీ కొలత, అంగుళాల్లో. టేపు తీసుకుని మీ కొలతలు ఒకసారి కొలిపించుకుని ఫోన్లో రాసి పెట్టుకోండి. ఆన్‌లైన్లో కొనేటప్పుడు సైజు పట్టికలో అవి చూసుకుంటే వాపసు పంపే బాధ సగం తగ్గుతుంది.

రెడీమేడ్ తీసుకున్నా ఒంటికి అచ్చంగా అతికినట్టు ఉండటం తక్కువ. అందుకే దర్జీ ఉన్నాడు. నడుము దగ్గర పక్క కుట్లు లోపలికి తీయొచ్చు, చేతుల పొడవు తగ్గించొచ్చు, ప్యాంటు కాళ్లు సన్నం చేయొచ్చు, నడుము లోపల బట్ట వదిలి ఉంటే అంగుళందాకా వదులు చేయొచ్చు. భుజాలు మాత్రం ముట్టుకోలేం. ముట్టుకుంటే చొక్కా మొత్తం విప్పి మళ్లీ కుట్టినంత పని. కాబట్టి భుజాలు సరిపోయినదే కొని మిగతాది దర్జీకి వదిలెయ్యండి. మన ఊళ్లలో ఈ పని వీధి చివరే అయిపోతుంది కాబట్టి దాని విలువ మనకి తెలియదు. డాలస్‌లో ఉన్న మీ అక్క, బావగారి ప్యాంట్లు సూట్‌కేసులో వేసుకొచ్చి సెలవుల్లో ఇక్కడ ఆల్టరేషన్ చేయించుకుని పోతుంది.

రంగుల గురించి ఒక మాట గట్టిగానే చెప్పాలి. పిల్లాడు నల్లగా ఉంటే ‘నీకు ఆ రంగు నప్పదు, ఈ రంగు నప్పదు’ అని చిన్నప్పటినుంచీ చెవిలో ఊదేవాళ్లు మన చుట్టాల్లో తక్కువేం లేరు. సాయి ఆ మాటలు విని విని ఎప్పుడు చూసినా బూడిద రంగూ మట్టి రంగే వేసుకుంటాడు. ఒరే సాయీ, నిజానికి నీకు నప్పనిది ఆ మట్టి రంగే. మొహం రంగులో కలిసిపోయే రంగు మొహం పక్కన పెడితే రెండూ వెలిసినట్టు ఉంటాయి. తెలుపు, లేత నీలం, ఆవపిండి రంగు, మెరూన్, ముదురాకుపచ్చ, వీటిల్లో ఏది వేసుకున్నా నీ మొహం తేటగా కనిపిస్తుంది. వేసుకుని గుమ్మం దగ్గర పగటి వెలుతురులో అద్దం చూసుకో. షాపు లైట్ల కింద చూసుకుని ఏ రంగూ ఖాయం చేయొద్దు.

కొనేటప్పుడు ప్యాంట్లన్నీ మౌనంగా ఉండే రంగుల్లో తీసుకోండి. నేవీ బ్లూ చినోస్ ఒకటి, గోధుమ రంగుది ఒకటి, ముదురు నీలం జీన్స్ ఒకటి. చొక్కాల్లో తెలుపు, లేత నీలం, సన్న గీతలది, ముదురాకుపచ్చ, ఇంకోటి మీ ఇష్టం. ఇలా 5 చొక్కాలు, 3 ప్యాంట్లు ఉంటే ఏది దేనిమీద వేసినా నప్పుతుంది, మొత్తం 15 జతలు. పొద్దున్నే బీరువా ముందు నిలబడి ఆలోచించే పనే ఉండదు. వీటికి తోడు కాలరున్న టీషర్టులు ఒకటి రెండు ఉంచుకోండి. జేబు మీద లోగో ఎంత పెద్దదైతే అంత దూరం పెట్టండి. వాళ్ల ప్రచారానికి మనం డబ్బులివ్వడం ఏంటి?

ఆ ‘మీ ఇష్టం’ అన్న చొక్కా మాత్రం చేనేతలో తీసుకోండి. మనకున్న ఎండలకీ చెమటకీ పాలిస్టర్ పడదు, నూలే ఒంటికి సుఖం. మంగళగిరి ప్లెయిన్ కాటన్ చొక్కాకి భలే నిలబడుతుంది, జీన్స్ మీదికి ఇంకా బాగుంటుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు ఖరీదెక్కువే. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి చేత్తో వడుకుతారు. ఆ తెల్ల బట్ట మెత్తదనం ఒకసారి ఒంటిమీద పడితే మీకే తెలుస్తుంది. జీతం కాస్త పెరిగాక ఒకటి కుట్టించుకోండి. పోచంపల్లి ఇక్కత్ అయితే కొనేముందు బట్ట తిరగేసి చూడండి. అక్కడ నూలుని ముందే ముడులు కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. వెనకవైపు వెలిసినట్టు ఉంటే అది ఇక్కత్ బొమ్మ ప్రింటు వేసిన మామూలు గుడ్డ. ఇక్కత్ చొక్కా వేసుకున్నరోజు ప్యాంటు ప్లెయిన్‌గా ఉండాలి, చొక్కా ఒక్కటే మాట్లాడితే చాలు. ఇంకో సంగతి, చేనేత బట్ట ఏదైనా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరేసి, అప్పుడు దర్జీకివ్వండి. లేకపోతే కుట్టాక మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి, ‘కొలతలు తప్పు తీశాడు’ అని మామీద పడతారు.

జీన్స్ సంగతి వస్తే నాకు కాస్త గర్వంగా ఉంటుందిరా. జేబుల మూలల్లో చిన్న రాగి గుబ్బలు, అదే రివెట్లు, కొట్టే ఆలోచన జేకబ్ డేవిస్ అనే దర్జీది. అమెరికాలో నెవాడాలోని రీనో ఊళ్లో కూలిపని చేసేవాళ్లకి ప్యాంట్లు కుట్టేవాడు. పనిముట్లు కుక్కి కుక్కి జేబులు చిరిగిపోతుంటే అతను ఈ ఉపాయం చేశాడు. పేటెంట్ ఖర్చుకి డబ్బు చాలక, తనకి గుడ్డ అమ్మే లెవీ స్ట్రాస్‌ని కలుపుకున్నాడు. 1873లో ఇద్దరికీ పేటెంట్ వచ్చింది. ఇప్పుడు లోకమంతా ఒకరి పేరే తలుచుకుంటుంది, దర్జీని ఎవరు గుర్తుపెట్టుకుంటారు! సరే, మీరు కొనే జీన్స్ ముదురు నీలంలో, చిరుగులూ తెల్ల మరకలూ లేకుండా ఉండాలి. తిరగేసి ఉతికి నీడలో ఆరేస్తే రంగు చాలాకాలం నిలుస్తుంది.

బూట్ల దగ్గర పిసినారితనం వద్దు. బ్రౌన్ లెదర్ లోఫర్లు ఒక జత, ఏ బొమ్మలూ లేని తెల్ల స్నీకర్లు ఒక జత. మన ఇళ్లకీ గుళ్లకీ బయటే విప్పి వెళ్లాలి కాబట్టి లేసుల్లేని లోఫర్లు ఎంతో సుఖం. సాక్సు బొటనవేలు దగ్గర చిరిగిందో లేదో మాత్రం చూసుకోండి, మనవాళ్ల కళ్లు ముందు అక్కడికే పోతాయి. బెల్టు బూట్ల రంగులోనే ఉండాలి. వాన్లో లెదర్ తడిస్తే లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరనివ్వండి, ఎండలో పెడితే పగిలిపోతుంది.

అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. మొదటి నెల బూట్లు, నేవీ చినోస్, తెల్ల చొక్కా, లేత నీలం చొక్కా. మిగతావి నెలకొకటి. బ్లేజర్ ఇప్పుడే వద్దు, హైదరాబాద్ ఎండలో దాన్ని చేతిమీద వేసుకుని తిరగడానికి తప్ప పనికిరాదు. మీ నాన్నకి చెప్పాను, ఆయనా వద్దనే అన్నాడు.

వంశీ, హైదరాబాద్ వెళ్లాక ప్యాంట్లు పొడవు తగ్గించడానికి ఇచ్చేటప్పుడు ఆఫీసుకి వేసుకునే బూట్లు తొడుక్కునే వెళ్లు, నిలబడి కొలత ఇవ్వు. అంచు బూటు పైభాగాన్ని కాస్త తాకాలి, మడతలు పడి చీలమండ దగ్గర కుప్ప కాకూడదు. మడిచిన బట్ట కత్తిరించకుండా లోపలే ఉంచమని దర్జీకి చెప్పు, ఉతికాక పొట్టిదైతే విప్పుకోవచ్చు.

ఇట్లు,
మీ పెదనాన్న